కెనడా టెలికాం, కేబుల్ కంపెనీల షేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిసిసాగాలోనో బ్రాంప్టన్‌లోనో నలుగురు తెలుగువాళ్ళు భోజనానికి కలిస్తే, ఇంటి వాయిదాల గోడు అయ్యాక మాట షేర్ల మీదికి మళ్ళుతుంది. "నెలనెలా ఫోను బిల్లు, ఇంటర్నెట్ బిల్లు వాళ్ళకే కడుతున్నాం కదా, ఆ కంపెనీ షేర్లే కొనుక్కుంటే కొంత వెనక్కి వస్తుంది కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆలోచన బాగానే ఉంది. అయితే బిల్లు కట్టే మనకు కనిపించేది ఆ వ్యాపారంలో ఒక వైపు మాత్రమే. రెండో వైపు గురించి తరచుగా వినిపించే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు కొనడానికి ఉన్న కంపెనీలు ఏవి?

పెద్దవి మూడు: బెల్ మాతృసంస్థ బీసీఈ, రాజర్స్, టెలస్. వీటి తర్వాత క్యూబెక్‌కు చెందిన క్యూబెకార్. వీడియోట్రాన్, ఫ్రీడమ్ మొబైల్ దీనివే. ఆ తర్వాత కోజెకో. ఇది ఒంటారియో, క్యూబెక్ పట్టణాల్లో కేబుల్ సేవలు ఇస్తుంది, అమెరికాలో బ్రీజ్‌లైన్ పేరుతో నడుస్తుంది. కోజెకోలో మాతృసంస్థ, కోజెకో కమ్యూనికేషన్స్ అని రెండు విడివిడి షేర్లు ఉన్నాయి. కొనేటప్పుడు ఏది కొంటున్నారో చూసుకోండి.

ఒకప్పుడు జాబితా ఇంకా పెద్దది. మానిటోబాలోని ఎంటీఎస్‌ను బీసీఈ 2017లో కొనేసింది. కాల్గరీకి చెందిన షాను రాజర్స్ 2023 ఏప్రిల్‌లో కలుపుకుంది. సస్కాచెవాన్‌లోని సాస్క్‌టెల్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి దాని షేర్లు దొరకవు. పెద్ద మూడూ టొరంటో మార్కెట్‌తో పాటు న్యూయార్క్‌లోనూ ట్రేడ్ అవుతాయి.

ఇవి 'భద్రమైన షేర్లు' అన్న పేరు ఎలా వచ్చింది?

ఫోను, ఇంటర్నెట్ లేకుండా ఇల్లు గడవదు. ఉద్యోగం పోయినా జనం చివరిదాకా మానుకోనిది ఇదే. పోటీ తక్కువ. విదేశీ కంపెనీలకు తలుపులు దాదాపు మూసే ఉన్నాయి. 1993 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం పెద్ద కంపెనీల మీద విదేశీయులకు అదుపు దక్కకూడదు. మార్కెట్ ఆదాయంలో 10 శాతం కన్నా తక్కువ ఉన్న కంపెనీలకు మాత్రమే 2012లో ఆ నిబంధన సడలించారు. ఇన్ని అండదండలు ఉన్నాయి కాబట్టి రిటైరైనవాళ్ళు పింఛనుకు తోడుగా ఈ షేర్లు పెట్టుకునేవారు. బెల్ కంపెనీ పుట్టింది 1880లో. తాత కొన్న షేర్లు మనవళ్ళ చేతికి వచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి.

మరి 2025లో బీసీఈకి ఏమైంది?

మిగతా జవాబులన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

బీసీఈ చాలా ఏళ్ళ పాటు డివిడెండు, అంటే వాటాదారులకు పంచే సొమ్ము, ఏటా సుమారు 5 శాతం చొప్పున పెంచుతూ వచ్చింది. 2024కల్లా అది షేరుకు ఏడాదికి 3 డాలర్ల 99 సెంట్లకు చేరింది. ఇక్కడ డాలరు అన్నచోటల్లా కెనడా డాలరే. కానీ ఆ డబ్బు ఇవ్వడానికి వ్యాపారంలో మిగిలే నగదు సరిపోలేదు. మిగులు నగదు కన్నా డివిడెండు ఎక్కువ. తేడాను అప్పుతోనో, ఆస్తుల అమ్మకంతోనో పూడ్చాలి. అప్పు చేసి పప్పుకూడు అన్న సామెత మన ఇళ్ళకే కాదు, వందేళ్ళు దాటిన కంపెనీలకూ వర్తిస్తుంది.

వడ్డీ రేటు పావు శాతం ఉన్నంత కాలం ఇది సాగింది. 2022 మార్చి నుంచి 2023 జూలై మధ్య బ్యాంక్ ఆఫ్ కెనడా తన రేటును 0.25 శాతం నుంచి 5 శాతానికి తీసుకుపోయింది. అప్పు కోసం అమ్మిన పాత బాండ్ల గడువు తీరి కొత్తవి తీసుకున్న ప్రతిసారీ వడ్డీ భారం పెరిగింది. అదే సమయంలో ఫోను ప్లాన్ల ధరలు పడిపోయాయి. 2024 ఫిబ్రవరిలో కంపెనీ 4,800 ఉద్యోగాలు తీసేసింది.

2024 సెప్టెంబరులో మేపుల్ లీఫ్స్, రాప్టర్స్ జట్లున్న సంస్థలో తనకున్న 37.5 శాతం వాటాను 470 కోట్ల డాలర్లకు రాజర్స్‌కు అమ్ముతున్నట్టు బీసీఈ ప్రకటించింది. అప్పు తీరుస్తారని మదుపరులు ఊపిరి పీల్చుకున్నారు. రెండు నెలలు తిరగకుండానే, నవంబరులో, అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో ఫైబర్ సేవలు ఇచ్చే జిప్లీ ఫైబర్‌ను 500 కోట్ల డాలర్ల నగదుకు కొంటున్నట్టు చెప్పింది. దాని అప్పులు కూడా కలిపితే సుమారు 700 కోట్లు. సియాటిల్ పక్కన రెడ్మండ్, కర్క్‌లాండ్ ప్రాంతాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ జిప్లీ పేరు తెలిసే ఉంటుంది. ఆ వార్త వచ్చిన రోజే షేరు గట్టిగా పడింది.

2025 మే 8న డివిడెండును ఏడాదికి 1 డాలరు 75 సెంట్లకు తగ్గించారు. వెయ్యి షేర్లున్న ఇంటికి ఏడాదికి 3,990 డాలర్లు వచ్చే చోట 1,750 మిగిలింది. 2022 వసంతంలో 70 డాలర్లు దాటిన షేరు అప్పటికే 30 చుట్టూ తిరుగుతోంది. అంటే ఆదాయమూ సగానికి పైగా పోయింది, అసలూ సగానికి పైగా పోయింది. డివిడెండు మీదే నెల గడుపుకునే పెద్దవాళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. తప్పు వాళ్ళది కాదు. "ఇది బ్యాంకు డిపాజిట్ లాంటిదే" అని వాళ్ళకు చెప్పినవారిది.

ఇంకో మాట. 'బెల్ డివిడెండు ఎన్నడూ ఆగలేదు' అని కొందరు ఇప్పటికీ అంటారు. 2008లో ఒంటారియో ఉపాధ్యాయుల పింఛను నిధి నాయకత్వంలో కంపెనీ మొత్తాన్ని షేరుకు 42.75 డాలర్ల చొప్పున కొనే ప్రయత్నం జరిగినప్పుడు కొన్ని నెలలు ఆగింది. ఆ ఒప్పందం డిసెంబరులో కుప్పకూలాకే తిరిగి మొదలైంది.

దిగుబడి 10 శాతం, 12 శాతం కనిపిస్తే కొనవచ్చా?

దిగుబడి అంటే డివిడెండును షేరు ధరతో భాగించిన లెక్క. ధర పడితే దిగుబడి దానంతటదే పెరుగుతుంది. కోతకు ముందు బీసీఈ దిగుబడి 12 శాతం దాటి కనిపించింది. బ్యాంకులో 3, 4 శాతం కూడా కష్టమైన చోట ఒక కంపెనీ 12 ఇస్తోందంటే, ఆ మొత్తం చేతికి రాదని మార్కెట్ ముందే అనుకుంటోందని అర్థం. ఎక్కువ దిగుబడిని నేను హెచ్చరికగా చూస్తాను. హెచ్చరిక ఉన్న ప్రతిసారీ ప్రమాదం జరగదు, నిజమే. కానీ లెక్క చూడకుండా ముందుకు పోకూడదు.

ఆ లెక్క నేనే చూసుకోవాలంటే ఎలా?

కంపెనీ మూడు నెలలకోసారి ఇచ్చే నివేదిక వాళ్ళ సొంత వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతుంది. అందులో నగదు ప్రవాహాల పట్టిక తీయండి. లాభనష్టాల పట్టికతో మొదలుపెట్టవద్దు. టెలికాంలో తరుగుదల, అంటే పరికరాలు పాతబడి తగ్గే విలువను ఖర్చుగా రాసేది, చాలా పెద్ద అంకె. అందువల్ల లాభం చిన్నగా కనిపించవచ్చు, నగదు బాగానే ఉండవచ్చు. తిరగబడి కూడా జరగవచ్చు.

వ్యాపారం నుంచి వచ్చిన నగదు ఎంతో రాసుకోండి. దాంట్లోంచి కేబుళ్ళు, టవర్లు, పరికరాల మీద పెట్టిన ఖర్చు తీసేయండి. వడ్డీ ఇంకా తీయకపోతే అదీ తీయండి. టవర్ల స్థలాలు, కార్యాలయాల అద్దె చెల్లింపులు వేరే వరుసలో ఉంటాయి, వాటినీ తీయండి. మిగిలినదే వాటాదారులకు పంచగలిగిన సొమ్ము. దాంతో డివిడెండు మొత్తాన్ని పోల్చండి. వంద డాలర్లు మిగిలితే అరవై, డెబ్బై పంచే కంపెనీ తేలికగా ఊపిరి తీసుకోగలదు. వంద మిగిలితే నూటపది పంచే కంపెనీ ఏదో ఒక రోజు మాట తప్పక తప్పదు.

స్పెక్ట్రమ్ మరచిపోవద్దు. ఫోను సిగ్నళ్ళ కోసం ప్రభుత్వం వేలంలో అమ్మే రేడియో తరంగాల హక్కు అది. ఇది ఏటా రాదు కాబట్టి చాలా కంపెనీలు మిగులు నగదు లెక్కలో చూపించవు. వేలం వచ్చిన ఏడాది మాత్రం కొండంత సొమ్ము పోతుంది. 2021లో 3500 మెగాహెర్ట్జ్ వేలంలో కంపెనీలన్నీ కలిసి 890 కోట్ల డాలర్లు పెట్టాయి.

చివరగా అప్పు. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు వచ్చే సంపాదనకు అప్పు ఎన్ని రెట్లు ఉందో కంపెనీలే ప్రకటిస్తాయి. షాను కొన్నాక రాజర్స్‌లో ఇది సుమారు 5 రెట్లకు చేరింది. మూడు దగ్గర ఉంటే నేను నిశ్చింతగా నిద్రపోతాను.

టెలస్ సంగతి?

టెలస్ 1999లో బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా టెలిఫోన్ సంస్థల కలయికతో ఇప్పటి రూపానికి వచ్చింది. 2011 నుంచి ఏడాదికి రెండుసార్లు డివిడెండు పెంచడం దాని పద్ధతి. బీసీఈ కోత తర్వాత అందరి చూపూ దీని మీదికి మళ్ళింది. 2025 డిసెంబరులో ఆ పెంపును ఆపుతున్నట్టు ప్రకటించింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డివిడెండును నగదుగా కాకుండా కొత్త షేర్లుగా తీసుకునేవారికి టెలస్ 2 శాతం ధర తగ్గించి ఇచ్చేది. వాటాదారుకు అది లాభంలా కనిపిస్తుంది. కంపెనీకి నగదు మిగులుతుంది. కానీ షేర్ల సంఖ్య పెరుగుతూ పోతుంది, ఆ కొత్త షేర్లకూ రేపు డివిడెండు ఇవ్వాలి. అందుకే నగదు రూపంలో ఇచ్చిన డివిడెండు ఎంత, ప్రకటించిన మొత్తం ఎంత అని రెండూ విడిగా చూడండి.

దాని అనుబంధ సంస్థ టెలస్ ఇంటర్నేషనల్ కథ కూడా గుర్తుంచుకోదగ్గది. 2021లో 25 అమెరికా డాలర్లకు షేర్లు అమ్మి మార్కెట్‌కు వచ్చింది. టెలస్ డిజిటల్‌గా పేరు మారాక, 2025లో మాతృసంస్థ 4.50 అమెరికా డాలర్ల చొప్పున వాటిని తిరిగి కొనేసింది.

రాజర్స్‌లో 'ఎ' షేరు, 'బి' షేరు అని రెండున్నాయి. ఏది కొనాలి?

మామూలుగా అందరూ కొనేది 'బి'. దానికి ఓటు లేదు. 'ఎ' షేరుకు ఒక్కోదానికి 50 ఓట్లు. ఆ 'ఎ' షేర్లలో దాదాపు అన్నీ రాజర్స్ కుటుంబ ట్రస్టు చేతిలోనే ఉన్నాయి.

ఓటు లేకపోతే ఏమవుతుందో 2021 శరదృతువులో దేశమంతా చూసింది. కుటుంబంలో తగాదా వచ్చింది. ట్రస్టు అధ్యక్షుడైన ఎడ్వర్డ్ రాజర్స్ వాటాదారుల సమావేశం పెట్టకుండా, కాగితం మీద సంతకంతో ఐదుగురు స్వతంత్ర డైరెక్టర్లను మార్చారు. తల్లి, ఇద్దరు అక్కచెల్లెళ్ళు వ్యతిరేకించారు. నవంబరు 5న బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు ఆ మార్పు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. వేల కోట్ల విలువైన 'బి' షేర్లున్నవారు ఇదంతా పత్రికల్లో చదువుకోవడం తప్ప చేయగలిగింది లేదు. పైగా రేపు ఎవరైనా వచ్చి 'ఎ' షేర్లకు మంచి ధర ఇస్తామంటే, అదే ధర 'బి'కి కూడా ఇవ్వాలన్న నియమం రాజర్స్‌లో లేదు.

కుటుంబ పట్టు వల్ల మంచి కూడా ఉంటుంది. దూరదృష్టితో పెట్టుబడి పెట్టగలరు, మూడు నెలల లెక్కలకు భయపడరు. కోజెకోలో మాత్రం రెండో ముఖం కనిపించింది. 2020లో అమెరికాకు చెందిన ఆల్టిస్ 1,030 కోట్ల డాలర్లకు కొంటామని రాజర్స్‌తో కలిసి ముందుకొస్తే, ఓట్లలో అధిక భాగం ఉన్న ఓడే కుటుంబం ఒక్క మాటతో కాదన్నది. మిగతా వాటాదారులను అడగాల్సిన అవసరమే రాలేదు.

షా కొనుగోలు వల్ల రాజర్స్ వాటాదారుకు మేలా, కీడా?

మొత్తం ఒప్పందం అప్పులతో కలిపి 2,600 కోట్ల డాలర్లు. 2021 మార్చిలో ప్రకటిస్తే, పోటీ నియంత్రణ సంస్థతో పోరాటం ముగిసి పూర్తయ్యేసరికి రెండేళ్ళు దాటింది. పశ్చిమ రాష్ట్రాల కేబుల్ ఇళ్ళు రాజర్స్‌కు వచ్చాయి. దానికి బదులుగా షా చేతిలోని ఫ్రీడమ్ మొబైల్‌ను 285 కోట్లకు వీడియోట్రాన్‌కు ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద మూడింటి ధరలను కిందికి లాగింది ఆ ఫ్రీడమే. అంటే రాజర్స్ ఒక చేత్తో ఇళ్ళను తీసుకుని, రెండో చేత్తో తనకే బలమైన పోటీదారును తయారు చేసుకుంది. క్యూబెకార్ వాటాదారులకు మాత్రం ఇది కలిసొచ్చిన బేరమని నా అభిప్రాయం.

అప్పు తగ్గించడానికి రాజర్స్ 2025లో తన నెట్‌వర్క్‌లో కొంత వాటాను పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ నాయకత్వంలోని బృందానికి 700 కోట్లకు ఇచ్చింది. పుస్తకాల్లో అది అప్పు కాదు, వాటా. కానీ ఆ బృందానికి ఏటా చెల్లింపులు ఉంటాయి. ఆ వరుసను కూడా మీ లెక్కలో కలపండి. డివిడెండు మాత్రం 2019 నుంచి ఏడాదికి 2 డాలర్ల దగ్గరే ఉంది. పెంచలేదని చాలా మంది విసుక్కున్నారు. బీసీఈకి జరిగింది చూశాక, పెంచకపోవడమే తెలివైన పని అనిపిస్తుంది.

ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఒక్క నిర్ణయంతో షేరు పడిపోతుందా?

పడుతుంది. కెనడా టెలికాం నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ 2023 నవంబరులో బెల్, టెలస్ తమ ఫైబర్ లైన్లను ఒంటారియో, క్యూబెక్‌లలో పోటీదారులకు టోకు ధరకు ఇవ్వాలని ఆదేశించింది. బెల్ వెంటనే రెండేళ్ళలో పెట్టుబడులు వంద కోట్లకు పైగా తగ్గిస్తామన్నది. 2024 ఆగస్టులో ఆ నియమాన్ని దేశమంతటికీ వర్తింపజేశారు. చిన్న కంపెనీల కోసం పుట్టిన ఈ వెసులుబాటును టెలస్ వాడుకుని, బెల్ లైన్ల మీదే తూర్పు రాష్ట్రాల్లో ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టింది. బెల్ అభ్యంతరం చెప్పినా, 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయాన్ని మార్చలేదు.

ఏదైనా పెద్ద అమెరికా కంపెనీ కెనడాకు వస్తే?

2013 వేసవిలో వెరైజన్ వస్తుందన్న వార్తకే పెద్ద మూడింటి షేర్లూ దిగాయి. సెప్టెంబరులో రావడం లేదని అది స్వయంగా చెప్పాక తేరుకున్నాయి.

విద్యార్థులు, వలసవచ్చేవారు తగ్గడానికీ వీటికీ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి పియర్సన్ విమానాశ్రయంలో దిగిన విద్యార్థి మొదట చేసే పని సిమ్ తీసుకోవడం. అలాంటి కొత్త నంబర్లే కొన్నేళ్ళ పాటు ఈ కంపెనీల పెరుగుదలను మోశాయి. 2024 జనవరిలో విదేశీ విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టారు. ఆ అక్టోబరులో 2025కు శాశ్వత నివాసుల లక్ష్యాన్ని 5 లక్షల నుంచి 3,95,000కు తగ్గించారు. కొత్తవారు తగ్గితే ఒకరి కస్టమర్లను మరొకరు లాక్కోవడమే మిగులుతుంది. అలా లాక్కోవాలంటే ధర తగ్గించాలి. నివేదికల్లో ఒక్కో నంబరు మీద నెలకు వచ్చే సగటు ఆదాయం తగ్గుతోందా, వదిలి వెళ్ళేవారి శాతం పెరుగుతోందా అని చూస్తే ఈ పోరు ఎంత తీవ్రంగా ఉందో తెలుస్తుంది.

కెనడాలో ఉన్నవారు ఏ ఖాతాలో పెట్టుకోవాలి?

పన్ను లేని పొదుపు ఖాతా అయిన టీఎఫ్‌ఎస్‌ఏలో చోటు ఉంటే ముందు అక్కడ. డివిడెండుకూ, లాభానికీ పన్ను ఉండదు. 2024, 2025లలో ఏడాది పరిమితి 7,000 డాలర్లు. కొత్తగా వచ్చినవారు ఒక తప్పు చేస్తుంటారు. పాత ఏళ్ళ పరిమితులన్నీ తమకు ఉన్నాయనుకుంటారు. మీరు కెనడా నివాసి అయిన ఏడాది నుంచే మీ లెక్క మొదలవుతుంది. ఎక్కువ వేస్తే, ఆ ఎక్కువ మొత్తం మీద నెలకు 1 శాతం జరిమానా.

మామూలు ఖాతాలో పెట్టినా ఈ కంపెనీల డివిడెండుకు పన్ను రాయితీ ఉంది. వంద డాలర్లు వస్తే 138గా లెక్కించి పన్ను వేస్తారు, తర్వాత అందులో సుమారు 15 శాతం, అంటే 20 డాలర్ల పైచిలుకు, కేంద్ర పన్ను నుంచి తగ్గిస్తారు. రాష్ట్రం రాయితీ వేరు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇది బాగా కలిసొస్తుంది. రిటైర్మెంట్ పొదుపు ఖాతా అయిన ఆర్‌ఆర్‌ఎస్‌పీలో పెడితే ఈ రాయితీ దక్కదు, ఎందుకంటే తీసేటప్పుడు మొత్తం జీతం లాగే లెక్క అవుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు?

న్యూయార్క్ మార్కెట్‌లో కొనుక్కోవచ్చు. డివిడెండులో 15 శాతం కెనడా పన్నుగా పట్టుకుంటారు. ఐఆర్‌ఏ వంటి రిటైర్మెంట్ ఖాతాలో ఉంటే, ఇరు దేశాల ఒప్పందం ప్రకారం ఆ పట్టుబడి ఉండకూడదు. బ్రోకరు పొరపాటున పట్టుకుంటే అడిగి వెనక్కి తీసుకోండి.

హైదరాబాదు నుంచి కొనవచ్చా?

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒకరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికా డాలర్ల దాకా బయటికి పంపవచ్చు. కానీ డివిడెండు కోసమే అయితే నేను వద్దంటాను. భారత్, కెనడాల పన్ను ఒప్పందంలో మామూలు వ్యక్తులకు పట్టుబడి 25 శాతం. పట్టుబడికి ముందున్న డివిడెండు మొత్తం రూపాయల్లో మీ ఆదాయంలో కలుస్తుంది, శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. కెనడాలో కట్టినది తగ్గించుకోవచ్చు గానీ దానికి వేరే ఫారం వేయాలి, విదేశీ ఆస్తుల పట్టికలోనూ చూపించాలి. రెండు కరెన్సీల మారకం ఖర్చు వేరే. ఇంత తిరిగి వచ్చేసరికి చేతిలో మిగిలేది తక్కువ.

కెనడాలో కొన్నేళ్ళు ఉండి ఇండియాకు వెళ్ళిపోతున్నాను. షేర్లు అలాగే ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు. అయితే కెనడా నివాసం వదిలిన రోజు మామూలు ఖాతాలోని షేర్లన్నీ అమ్మేసినట్టే లెక్కగట్టి, లాభం ఉంటే పన్ను వేస్తారు. నిజంగా అమ్మకపోయినా ఇది వర్తిస్తుంది. నష్టంలో ఉన్న షేర్లకూ అదే రోజు లెక్క కడతారు కాబట్టి, ఆ నష్టాన్ని వేరే లాభాల మీద సర్దుకునే వీలుంటుంది. ఆస్తుల విలువ 25,000 డాలర్లు దాటితే వాటి జాబితా చూపే టీ1161 ఫారం కూడా ఇవ్వాలి. ఆ రోజు నుంచి మీ డివిడెండు మీద 25 శాతం పట్టుబడి మొదలవ్వాలి కాబట్టి, చిరునామా మారిన సంగతి విమానం ఎక్కకముందే బ్రోకరుకు చెప్పండి. మీరు వెళ్ళిపోతున్నారని తెలిస్తే కొందరు బ్రోకర్లు ఖాతా మూసేయమంటారు. అలాంటప్పుడు అమ్మడమా, మరో చోటికి బదిలీ చేయడమా అన్నది తేల్చుకోవడానికి కనీసం రెండు నెలల సమయం చేతిలో పెట్టుకోండి.